పంపు మోగుతుంది, నీరు రాదు

విశాఖపట్నంలో రైలు పట్టాలను ఆనుకొని పెరిగిన పేట కంచరపాలెం. కంచు, ఇత్తడి పాత్రలు చేసే పనివారిని తెలుగులో కంచరులంటారు. ఆ మాట ఈ పేట పేరులో నిలిచి ఉన్నది. దక్షిణాది ఇళ్ళలో కాఫీ దించే పాత ఫిల్టరు అటువంటి పనివారి సరుకే. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు ఇత్తడి గిన్నెలు, పై గిన్నె అడుగున సన్నని బెజ్జాలు, అంతే. పైన మరిగిన నీళ్ళు పోస్తే భూమ్యాకర్షణే వాటిని పొడిలోనుంచి కిందికి దించుతుంది. అందులో పంపు లేదు, మీట లేదు, కరెంటు లేదు. బెజ్జాలు పూడుకొంటే గిన్నెను నిప్పు మీద కాల్చి దులిపితే మళ్ళీ పని చేస్తుంది.

ఇప్పుడు నగరాల వంటిళ్ళలో ఫిల్టరు పక్కన మరొక యంత్రం వచ్చి కూర్చున్నది. కాఫీపొడిని కొద్ది గ్రాములుగా చిన్న అల్యూమినియం డొల్లలో, లేదా ప్లాస్టిక్ డొల్లలో బంధించి అమ్ముతారు. దీనిని కాఫీ గుళిక అనవచ్చును. గుళికను యంత్రంలో పెట్టి మీట వేస్తే సూదులు దానిని పొడుస్తాయి. లోపలి పంపు వేడినీటిని గట్టి పీడనంతో దానిగుండా తోస్తుంది. అర నిమిషంలో గిన్నెలోకి నురుగు కాఫీ దిగుతుంది. యంత్రం బాగున్నంతకాలం ఇదంతా బాగానే ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్ళి పది రోజులకు తిరిగి వచ్చి, తొట్టె నింపి బొత్తాము నొక్కితే, ఒక్కొక్కప్పుడు గరగరమని పెద్ద చప్పుడు మాత్రమే వస్తుంది. తొట్టెలో నీళ్ళున్నాయి. కరెంటు ఉన్నది. పంపు మోగుతున్నది. చుక్క నీరు రాదు.

వేల రూపాయల వస్తువు పాడయిందని ఇంటివారు దిగులుపడతారు. కొందరు దానిని అటకమీద పారవేస్తారు. నిజానికి చాలా సందర్భాలలో అందులో చెడిపోయినది ఏమీ ఉండదు. శనగ గింజంత గాలి బుడగ ఒకటి పంపులో చేరి కూర్చున్నది. ఈ బుడగ సంగతి తెలియడానికి మనిషికి రెండు వేల సంవత్సరాలు పట్టింది.

చిమ్మనగ్రోవి నుంచి గనుల దాకా

వసంతోత్సవాలలో రంగునీళ్ళు చల్లే చిమ్మనగ్రోవి తెలియని తెలుగువారు లేరు. గొట్టంలో బిగువుగా కదిలే కాడను వెనక్కి లాగితే నీరు లోపలికి వస్తుంది, ముందుకు తోస్తే దూరంగా చిమ్ముతుంది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో టెసీబియస్ అనే శిల్పి దీనికి రెండు కవాటాలు తగిలించాడు. ఒక కవాటం నీటిని లోనికి మాత్రమే రానిస్తుంది. రెండవది బయటికి మాత్రమే పోనిస్తుంది. ఇక గొట్టాన్ని ప్రతిసారీ నీటిలో ముంచనక్కరలేదు. ముషలకం (పిస్టను) అటూ యిటూ ఆడుతూ ఉంటే నీరు ఒకే వైపుకు నడుస్తూ ఉంటుంది. కాఫీ యంత్రంలోని పంపు ఈనాటికీ ఇదే. వస్తువులు మారాయి గాని భాగాలు మారలేదు.

టెసీబియస్ పంపు నీటిలోనే ఉండేది. నీటికి పైన పంపును పెట్టి, కిందనుంచి గొట్టం ద్వారా నీటిని పైకి పీల్చడం యూరపులో పదిహేనవ శతాబ్దం నాటికి వాడుకలోకి వచ్చింది. గనులు లోతయిన కొద్దీ వాటిలో ఊరే నీటిని తోడివేయడం ప్రాణావసరమయింది. 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల గ్రంథంలో ఒకదానిపై ఒకటిగా అమర్చిన పీల్చుడు పంపుల బొమ్మలున్నాయి. కింది పంపు నీటిని ఒక తొట్టెలోకి ఎత్తుతుంది. పై పంపు ఆ తొట్టెలోనుంచి ఇంకా పైకి ఎత్తుతుంది. ఒకే పంపుతో ఎందుకు ఎత్తలేకపోయారు? ఎత్తలేరని పనివారికి తెలుసు. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఆ కాలపు పండితులకు అరిస్టాటిల్ మాట ప్రమాణం. ప్రకృతి శూన్యాన్ని సహించదు. ముషలకం పైకి పోగానే దాని వెనుక ఖాళీ ఏర్పడకుండా నీరు పరుగెత్తుకొని వస్తుంది, అని వారి వివరణ. ఈ వివరణ ప్రకారం గొట్టం ఎంత పొడవయినా నీరు ఎక్కవలసిందే.

1630లో జెనోవా నగరానికి చెందిన బలియాని, గెలీలియోకు ఒక ఉత్తరం వ్రాశాడు. సుమారు 21 మీటర్ల ఎత్తు గల కొండమీదుగా నీటిని దాటించడానికి వంపుగొట్టం వేస్తే అది పనిచేయలేదని, కారణమేమిటని అడిగాడు. గెలీలియో ఈ విషయాన్ని మరచిపోలేదు. 1638లో హాలండులో అచ్చయిన తన చివరి గొప్ప గ్రంథంలో, సంభాషణలో పాల్గొనే సగ్రెడో అనే పాత్రచేత ఒక ముచ్చట చెప్పించాడు. సగ్రెడో ఒక నీటికుండీకి బిగించిన పంపును చూస్తాడు. కుండీలో నీటిమట్టం పైగా ఉన్నప్పుడు పంపు చక్కగా పనిచేస్తుంది. మట్టం ఒక హద్దు దాటి దిగినప్పుడు చుక్క కూడా రాదు. పంపు చెడిందనుకొని సగ్రెడో మరమ్మతు పనివానిని పిలిపిస్తాడు. ఆ పనివాడు వచ్చి చూసి, పంపులో లోపమేమీ లేదనీ, లోపం నీటిలో ఉన్నదనీ, అది మరీ కిందికి దిగిపోయిందనీ చెప్తాడు. 18 మూరలకు మించి వెంట్రుకవాసి కూడా ఏ పీల్చుడు పంపూ నీటిని ఎత్తలేదని కూడా అంటాడు. ఇటలీ మూర మన మూరకన్న పెద్దది, సుమారు 58 సెంటీమీటర్లు. కాబట్టి 18 మూరలంటే సుమారు పదిన్నర మీటర్లు.

ఆ పనివాని పేరు గ్రంథంలో లేదు. అతడు ఏ పాఠశాలలో చదివాడో తెలియదు. కంచరపాలెంలో ఇప్పుడున్న ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటిది, పారిశ్రామిక శిక్షణాలయం వంటిది ఆనాడు లేవు. అయినా యంత్రం పనిచేయనప్పుడు యంత్రాన్నే అనుమానించనక్కరలేదని, అది నిలబడిన పరిస్థితిని కూడా చూడాలని అతనికి తెలుసు. హద్దు ఎంతో కూడా కొలిచినట్లు చెప్పాడు. అతని మాట విన్న పండితుడు మాత్రం కారణం చెప్పడంలో పొరపడ్డాడు. పైనుంచి వేలాడగట్టిన తాడు మరీ పొడవయితే తన బరువుకు తానే తెగుతుంది గదా, నీటి స్తంభం కూడా అట్లాగే తెగుతుందని గెలీలియో భావించాడు. ఈ సందర్భంలో మరమ్మతు చేసేవాని పరిశీలన గెలీలియో సిద్ధాంతం కంటే గట్టిది.

లాగేది కాదు, తోసేది

1640 ప్రాంతంలో గాస్పరో బెర్తి అనే ఆయన రోములో తన ఇంటి గోడ వెంబడి పది మీటర్లకు పైబడిన సీసపు గొట్టం నిలబెట్టి నీటితో పరీక్ష చేశాడు. అంత పొడవు గొట్టంతో ప్రయోగం చేయడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. గెలీలియో చివరి నెలలలో ఆయనవద్ద ఉండిన టారిసెల్లి దీనిని చేతిలో పట్టే ప్రయోగంగా మార్చాడు. నీటికి బదులు పాదరసం తీసుకొన్నాడు. పాదరసం నీటికన్న 13.6 రెట్లు బరువైనది గనుక గొట్టం అన్నివంతులు పొట్టిదయినా చాలును. అతని మిత్రుడు వివియాని ప్రయోగం చేశాడు. ఒక మూల మూసిన గాజు గొట్టంనిండా పాదరసం పోసి, పాదరసపు గిన్నెలో బోర్లిస్తే, అది కొంత దిగి సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచిపోయింది.

పైన పాదరసాన్ని లాగి పట్టుకొన్నది ఏదీ లేదు. కిందనుంచి గిన్నెలోని పాదరసం మీద గాలి బరువు మోపుతున్నది. ఆ బరువు ఎంత స్తంభాన్ని నిలబెట్టగలదో అంతే నిలిచింది. 1644 జూను 11న టారిసెల్లి తన మిత్రుడు రిచ్చికి వ్రాసిన ఉత్తరంలో ఈ సంగతి వివరించాడు. మనుషులు గాలి సముద్రం అడుగున జీవిస్తున్నారని ఆయన భావం. 76ను 13.6తో హెచ్చవేస్తే 1,033 సెంటీమీటర్లు, అంటే పది మీటర్ల ముప్పైమూడు సెంటీమీటర్లు. పేరులేని ఆ పనివాడు చెప్పిన 18 మూరలు ఇవే.

కాబట్టి పంపు నీటిని పీల్చడమన్నది మాటవరసకే. పంపు చేసేదల్లా తన లోపలి గాలిని తగ్గించడం; నీటిని ఎక్కించేది బయటి వాతావరణం. లోపల గాలిని తగ్గించలేని పంపులోకి బయటి వాతావరణం నీటిని తోయలేదు.

పాస్కల్ దీనిని ఇంకొక మెట్టు ముందుకు తీసుకొనిపోయాడు. గాలి బరువే కారణమయితే కొండమీద ఆ బరువు తగ్గాలి. 1648 సెప్టెంబరు 19న పాస్కల్ బావ పెరియే ఫ్రాన్సులో పూయ్ ద డోమ్ అనే కొండమీదికి పాదరసపు గొట్టం మోసుకొనిపోయాడు. కింది పట్టణానికి, శిఖరానికి తేడా ఇంచుమించు వేయి మీటర్లు. పాదరసం ఎనిమిది సెంటీమీటర్లకు పైగా దిగింది. కింద ఒక గొట్టాన్ని రోజంతా కనిపెట్టుకొని ఉండడానికి ఒక మనిషిని నియమించడం కూడా పెరియే మరువలేదు. ఆ గొట్టంలో మట్టం మారలేదు.

విశాఖ విద్యార్థులకు ఇటువంటి కొండ రైలు దూరంలోనే ఉన్నది. సముద్రపుటొడ్డున బయలుదేరిన బండి అరకు చేరేసరికి సుమారు 900 మీటర్లు ఎక్కుతుంది. భారమితిని వెంట తీసుకొని వెళితే 76 సెంటీమీటర్ల మట్టం దాదాపు 68కి దిగుతుంది. పెరియే చూసిన తేడాకు ఇది దగ్గరలోనే ఉన్నది. పీల్చుడు పంపు నీటిని కంచరపాలెంలో లెక్క ప్రకారం 10.3 మీటర్లు ఎక్కించగలిగితే అరకులో 9.3 మీటర్లే ఎక్కించగలదు. కవాటాల కారుదల, గొట్టాలలో ఒరిపిడి ఉంటాయి గనుక ఆచరణలో ఏడెనిమిది మీటర్లు వస్తే మంచి పంపనే అనాలి. కాఫీకి పుట్టిల్లయిన ఆ అరకులో నీరు 100 డిగ్రీలకు కాక 97 డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతుందన్నది కాఫీ కాచేవారు గమనించదగిన మరొక ముచ్చట.

కాఫీ యంత్రంలో నీరు ఎక్కవలసిన ఎత్తు జానెడు కూడా ఉండదు. మరి అంత బలమైన వాతావరణం జానెడు ఎత్తుకు ఎందుకు తోయలేకపోతున్నది? దీనికి జవాబు 1662లో రాబర్టు బాయిల్ ప్రకటించిన నియమంలో ఉన్నది.

దూదిపింజ వంటి గాలి

ఉష్ణోగ్రత మారకుండా ఉంటే, గాలి ఘనపరిమాణం సగమయినప్పుడు దాని పీడనం రెట్టింపవుతుంది. దీనిని ప్రతి బడిలోనూ ఒక్క సూదిలేని సిరంజితో చూపవచ్చును. సిరంజిలో గాలి నింపి, మూతి వేలితో మూసి, కాడను నొక్కాలి. కాడ సగందాకా లోపలికి పోతుంది. వదిలివేస్తే వెనక్కి తిరిగి వస్తుంది. ఇప్పుడు బుడగ లేకుండా నీరు నింపి అట్లాగే మూసి నొక్కాలి. కాడ కదలదు. పదిహేను వాతావరణాల పీడనం పెట్టినా నీటి ఘనపరిమాణం పదివేల భాగాలలో ఏడు భాగాలకన్న తగ్గదు. గాలి దూదిమూట వంటిది; నీరు రాతిదిమ్మె వంటిది.

ఇంటి కాఫీ యంత్రంలోని పంపులో తిరిగే మోటారు సామాన్యంగా ఉండదు. రాగితీగ చుట్ట మధ్య ఒక ఇనుప ముషలకం, దాని వెనుక ఒక స్ప్రింగు ఉంటాయి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తాలు తిరుగుతుంది. ఒక డయోడు ప్రతి ఆవర్తంలో సగాన్ని మాత్రమే చుట్టలోకి పోనిస్తుంది. ఆ సగంలో విద్యుదయస్కాంతం ముషలకాన్ని ఒక వైపుకు లాగుతుంది. మిగిలిన సగంలో స్ప్రింగు దానిని తిరిగి తోస్తుంది. ఇట్లా సెకనుకు 50 సార్లు ముషలకం ఆడుతుంది. ఒక్కొక్కసారి అది కదిలేది కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. యాభై వాట్ల ప్రాంతపు ఈ బుల్లి పంపు నీటిని పదిహేను వాతావరణాల దాకా నొక్కగలదు.

ఇక్కడే చిక్కు. ముషలకం ఎంత ముందుకు పోయినా దాని ఎదుట కొంత చోటు మిగిలిపోతుంది. ఆ చోటంతా నీరయితే చింత లేదు. ముషలకం అంగుళంలో పదవవంతు కదిలినా అంత నీరూ బయటికి పోక తప్పదు. ఆ చోట గాలి ఉన్నదనుకొందాం. మిగిలిపోయే చోటు, ముషలకం ఊడ్చే చోటు సమానమని లెక్కకోసం అనుకొంటే, పోటు చివర గాలి సగానికి నలిగి రెండు వాతావరణాల పీడనం పొందుతుంది. బయటి కవాటం వెనుక వేడి గొట్టంలో చిక్కిన ఆవిరి మూడు వాతావరణాలతో ఎదురు నొక్కుతున్నదా, కవాటం తెరుచుకోదు. ముషలకం వెనక్కి రాగానే నలిగిన గాలి మళ్ళీ విచ్చుకొని సరిగా ఒక వాతావరణం దగ్గరకు వస్తుంది. లోపల ఒక వాతావరణం, బయట తొట్టె మీద ఒక వాతావరణం; తేడా లేదు గనుక లోనికి వచ్చే కవాటమూ తెరుచుకోదు. అదే గాలి అక్కడే సెకనుకు 50 సార్లు నలుగుతూ, విచ్చుకొంటూ ఉంటుంది. పంపు తన పని తాను చేస్తూనే ఉన్నది. నీరు రాదు.

పల్లెలలో పాత చేతిపంపు దగ్గర చెంబెడు నీళ్ళు ఉంచేవారు. పొద్దున్నే పంపు కొట్టబోయే ముందు ఆ నీళ్ళు పైన పోస్తారు. తోలు వాషరు రాత్రి ఎండి ముడుచుకొని ఉంటుంది; పోసిన నీరు దానిని తడిపి, అంచుల సందులు మూస్తుంది, మిగిలిన చోటు నింపి గాలిని గెంటివేస్తుంది. బాయిల్ నియమం తెలియని అవ్వలు కూడా ఈ పని తప్పకుండా చేసేవారు. పంపు నీరు తాగితేనే నీరు ఇస్తుందని వారికి తెలుసు. 1970లలో మన దేశంలో తయారై ఊరూరా వెలసిన ఇండియా మార్క్ రెండు చేతిపంపుకు ఈ చెంబుతో పని లేదు. దాని స్తంభకం బోరులో నీటిమట్టానికి దిగువననే మునిగి ఉంటుంది. మీదికి వచ్చేది పొడవైన కడ్డీ మాత్రమే. పది మీటర్ల హద్దూ లేదు, గాలి బాధా లేదు.

ఆవిరి పెట్టే ఇబ్బంది

గాలి తరువాత చెప్పుకోవలసినది ఆవిరి. 1698లో ఇంగ్లండులో సేవరీ గనుల నీరు తోడే ఆవిరి యంత్రానికి హక్కుపత్రం పొందాడు. పాత్రలో ఆవిరి నింపి, పైన చన్నీళ్ళు పోసి చల్లార్చితే లోపల శూన్యం ఏర్పడి, వాతావరణం కిందినుంచి నీటిని తోస్తుంది. తోసేది వాతావరణమే గనుక ఇక్కడా పది మీటర్ల హద్దు తప్పదు. యంత్రాన్ని గనిలో నీటికి దగ్గరగానే దించవలసి వచ్చేది. 1712లో న్యూకొమెన్ యంత్రాన్ని నేలమీదనే ఉంచి కడ్డీలను లోతుకు దించాడు. చేతిపంపులో మన వారు చేసినది కూడా ఇదే.

కంచరపాలెం ప్రజలకు ఆవిరి కొత్తది కాదు. 1890లలో తూర్పు కోస్తా రైలుమార్గం వేసిన తరువాత, వాల్తేరులో కొన్ని తరాలపాటు ఆవిరి ఇంజన్లు తిరిగాయి. ఆ ఇంజన్ల బాయిలరులో నీరు తరిగినకొద్దీ మళ్ళీ నింపాలి. బాయిలరులో పీడనం పది వాతావరణాలకు మించి కూడా ఉంటుంది. దానిని ఎదిరించి నీటిని లోనికి తోయాలి. మొదట చక్రాల కదలికతో ఆడే పంపులు వాడేవారు. బండి కదిలితేనే పంపు ఆడుతుంది గనుక, నిలిచి ఉన్న ఇంజనుకు నీరు పట్టడంకోసమే దానిని ముందుకూ వెనక్కూ నడపవలసి వచ్చేది. 1858లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు గిఫార్డు కదిలే ముషలకమే లేని సాధనాన్ని కనుక్కొన్నాడు. బాయిలరునుంచే తీసిన ఆవిరి సన్నని ముక్కుద్వారా మహావేగంతో దూసుకువచ్చి, చన్నీటితో కలిసి తాను నీరయి, ఆ వేగాన్ని నీటికి ఇస్తుంది. ఆ నీరు క్రమంగా వెడల్పయ్యే గొట్టంలో నెమ్మదించేసరికి దాని వేగం పీడనంగా మారి బాయిలరు కవాటాన్ని తెరుస్తుంది. బాయిలరు ఆవిరే బాయిలరులోకి నీటిని తోయడం మొదట చాలామందికి గారడీలా తోచింది.

కాని దానికి ఒక బలహీనత ఉన్నది. నీరు చల్లగా ఉంటేనే ఆవిరి నీరవుతుంది. సాధనం వేడెక్కినా, నీటి గొట్టం అతుకులో గాలి చొరబడినా, నీరు లోనికి పోక పొర్లుగొట్టంలోనుంచి బయటికి చిమ్ముతుంది. అప్పుడు ఫైర్‌మన్ ఆవిరి కట్టివేసి, సాధనం మీద చన్నీళ్ళు పోసి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆలస్యమయితే నిప్పుపెట్టె పైకప్పు నీటి కప్పుదల కోల్పోయి ఎర్రగా కాలే ప్రమాదం ఉన్నది గనుక, ఇది తీరికగా చేసే మరమ్మతు కాదు.

వేడినీటిని పీల్చడం ఎందుకు కష్టమో అంకెలు చెప్తాయి. 20 డిగ్రీల నీటి ఆవిరి పీడనం వాతావరణంలో నలభైయవ వంతు. 60 డిగ్రీల దగ్గర అది అయిదవ వంతుకు, 80 దగ్గర దాదాపు సగానికి పెరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర ఒక పూర్తి వాతావరణం. అప్పుడు పంపు ఎంత శూన్యం చేయబోయినా ఆ చోటును ఆవిరే నింపుతుంది. కాఫీ యంత్రాలలో పంపును వేడిగొట్టానికి ముందు, చన్నీటి వైపుననే పెట్టడానికి కారణమిదే. అయినా తొట్టె ఎండినప్పుడు వేడిగొట్టంలో మిగిలిన నాలుగు చుక్కలు ఆవిరై వెనక్కి ఎదురు నొక్కుతాయి.

కాఫీలోకి పంపు

ఈ పంపు కాఫీలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. 1884లో ఇటలీలోని తురీను నగరంలో మోరియోండో ఆవిరితో కాఫీ దించే యంత్రానికి హక్కు పొందాడు. 1901లో మిలాను నగరపు బెత్సేరా ఒక్కొక్క గిన్నె వేరువేరుగా దించే పద్ధతి కనిపెట్టాడు. పవోని దానిని తయారుచేసి అమ్మాడు. వీటిలో తోసేది బాయిలరు ఆవిరే గనుక పీడనం ఒకటిన్నర వాతావరణాలకు మించేది కాదు, నీరు మరీ కాగి కాఫీ మాడువాసన వేసేది. గజ్జియా రెండవ ప్రపంచయుద్ధం తరువాత స్ప్రింగు మీట పెట్టి తొమ్మిది వాతావరణాల దాకా పెంచాడు. గిన్నె పైన బంగారు రంగు నురుగు మొదటిసారి కనబడింది. 1961లో ఫాయెమా సంస్థ మనిషి చేతికి బదులు విద్యుత్ పంపు పెట్టిన యంత్రాన్ని అమ్మింది. ఆ ఏడు వచ్చిన సూర్యగ్రహణం పేరున దానికి ఇ-61 అని పేరుపెట్టారు.

గుళిక 1976 నాటిది. నెస్లే సంస్థలో పనిచేసే ఎరిక్ ఫావ్ర్ దానికి హక్కుపత్రం పొందాడు; పదేళ్ళ తరువాత 1986లో అది నెస్‌ప్రెసో పేరుతో అంగడికి వచ్చింది. రోములోని ఒక కాఫీ దుకాణంలో మీటను ఒకసారికి బదులు పలుమార్లు ఆడించడం గమనించానని, నీటితోపాటు గాలి కలిసినందువల్లనే అక్కడి నురుగు బాగుంటుందని గ్రహించానని ఆయన చెప్పుకొన్నాడు. గుళికలో మేలు చేసే ఆ గాలి పంపులో కీడు చేస్తుంది.

మన్యంలో కాఫీ చరిత్ర ఇంతకన్న పాతది. తూర్పు కనుమలలో, తూర్పు గోదావరి మన్యపు పాములేరు లోయలో 1898లో కాఫీ నాటారు. తరువాత అది ఉత్తరాన అనంతగిరి, చింతపల్లి వైపు వ్యాపించింది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ తోటలు 2022నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. చెట్ల నీడలో గిరిజన రైతులు ఏడాదిపాటు పెంచి, ఏరి, ఎండబెట్టిన గింజ చివరకు వంటింట్లో ఒక బుడగ దగ్గర ఆగిపోవడం విచారించదగినదే.

సున్నం

మూడవ శత్రువు నెమ్మదిగా వస్తుంది. విశాఖకు మేహాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ జలాశయాలనుంచీ ఏలేరు కాలువనుంచీ నీరు వస్తుంది. బోరునీరు వాడే ఇళ్ళూ అనేకం. నేలలో ఊరిన నీటిలో సున్నపు లవణాలు సాధారణంగా ఎక్కువ. 1767లో హెన్రీ కేవెండిష్ లండనులోని ఒక పంపు నీటిని పరీక్షించి, సున్నం నీటిలో కరిగి ఉండడానికి కారణం బొగ్గుపులుసు వాయువని చూపాడు. నీటిని కాచితే ఆ వాయువు పోతుంది. కరిగిన సున్నం తెల్లని పొరగా పాత్రకు అంటుకొంటుంది. స్నానాలగది బాయిలరులో, ఇడ్లీపాత్ర అడుగున కనబడే తెల్లని పొర ఇదే. ఆవిరి ఇంజన్ల కాలంలో రైలు బాయిలర్లలో దీనిని గీకి కడగడం షెడ్లలో నిత్యకృత్యంగా ఉండేది. కాఫీ యంత్రంలో నీటి దారి వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే గనుక కొద్దిపాటి పొర చాలును. పొర రేకు ఊడి కవాటం అంచున ఇరుక్కొంటే కవాటం పూర్తిగా మూసుకోదు. అప్పుడు పంపు తోసిన నీరు తిరిగి తొట్టెలోకే పోతుంది.

చెవితో పరీక్ష

రోగి దగ్గుబట్టి వైద్యుడు పోల్చుకొన్నట్లు, ఈ యంత్రపు రోగాన్ని చప్పుడునుబట్టి చాలావరకు పోల్చవచ్చును. గరగరమని పొడిగా, పెద్దగా మోగితే పంపులో గాలి ఉన్నది. ముషలకానికి ఎదురు లేక అది ఇష్టం వచ్చినట్లు కొట్టుకొంటున్నది. మందమై, అణగిన గుమ్మనే శబ్దం వచ్చి నీరు రాకపోతే, పంపు నీటిని పట్టుకొన్నది గాని ముందు దారి మూసుకొన్నది. చప్పుడే లేకపోతే లోపం కరెంటు వైపున ఉన్నది.

గాలి చప్పుడు వినబడితే మొదట తొట్టెను తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టాలి. తొట్టె అడుగున స్ప్రింగు కవాటం ఒకటి ఉంటుంది. తొట్టె సరిగా కూర్చుంటేనే అది తెరుచుకొంటుంది. తొట్టెను నిండా నింపాలి, ఎందుకంటే నీటిమట్టం పైన ఉన్నకొద్దీ బుడగ మీద ఒత్తిడి కాస్త ఎక్కువ. గుళిక పెట్టకుండా మీట ఎత్తి నడపాలి. ఎదుట అడ్డు లేకపోతే నలిగిన గాలి కొంచెం కొంచెంగానయినా బయటపడుతుంది. యంత్రం వేడిగా ఉంటే ఆపి చల్లారనివ్వాలి. ఒకసారికి అర నిమిషంకన్న నడపరాదు. నీరే పంపుకు చల్లదనం. పొడిగా ఆడితే చుట్ట కాలిపోతుంది.

ఇంతటితో లొంగకపోతే బడిలో వాడిన సిరంజి ఇంట్లోనూ పనికివస్తుంది. ప్లగ్గు తీసివేసి, తొట్టె తొలగించి, అది కూర్చునే చోట ఉన్న రంధ్రంలో సిరంజి మూతి ఆనించి నెమ్మదిగా నీరు ఎక్కించాలి. చేతిపంపు దగ్గర అవ్వ పోసిన చెంబెడు నీళ్ళే ఇవి, చెంబుకు బదులు చిమ్మనగ్రోవితో. తరువాత తొట్టె పెట్టి, ప్లగ్గు తగిలించి నడిపితే గరగర ఒక్కసారిగా అణగి, గొంతు మారి, చిమ్ముతూ ఆగుతూ నీరు వస్తుంది.

గుళిక లేనప్పుడు నీరు వచ్చి, గుళిక పెట్టగానే ఆగితే, పొడిచే సూదుల బెజ్జాలలో కాఫీపొడి ఉన్నదన్నమాట. అణగిన శబ్దమే ముందునుంచీ ఉంటే సున్నం వదిలించాలి. నిమ్మ ఉప్పును, తయారీదారు సూచించిన పాళ్ళలో, నీటిలో కరిగించి సగం నడిపి, పావుగంట నాననిచ్చి, మిగిలినది నడపాలి. సున్నం కరిగి బొగ్గుపులుసు వాయువు బుడగలుగా బయటికి వస్తుంది. కేవెండిష్ కాచి వేరుచేసినది ఇక్కడ పులుపుతో వేరవుతుంది. ఆ తరువాత రెండు తొట్టెల మంచినీరు నడిపి కడగాలి. బొత్తిగా చప్పుడు లేని పంపులో, చుట్టమీద ఉండే ఉష్ణ ఫ్యూజు కాలిపోయి ఉండవచ్చును. అనేక పంపులకు ఇది ఉంటుంది. యంత్రం పెట్టె విప్పవలసిన అవసరం అప్పుడే వస్తుంది, అది కూడా కరెంటు పని తెలిసినవారి చేతనే.